అరువు తెచ్చుకున్న దిగులు

ఐలా నిస్కానెన్ ఒక చక్కటి అబద్ధం రాసి, ఇక కాలేజీ సీటు చేతికొచ్చినట్టేనని మురిసిపోతూండగా ఆర్డ్‌వే టీచరు అడ్డుపుల్ల వేసింది. పోయినవారం మనం అక్కడ ఆగాం. "వ్యాసం బాగుంది. కానీ ఇందులో ఎవరి గురించి రాశావో వాళ్ళకి నీ నోటితో చదివి వినిపించు. ఆ తరవాతే నీ గురించి కాలేజీకి నేను నాలుగు మంచిమాటలు రాసేది," అందావిడ. ఆవిడ క్లాసులో ఏటా అందరికీ అదే రూలు. తాత గురించి రాసినవాడు తాతకి చదవాలి. కుక్క గురించి రాసిన ఒక మహానుభావుడు కుక్కని కూచోబెట్టి చదివాడు కూడా. ఐలా రాసింది తండ్రి గురించి. ఆయనేమో మార్చిలో మంచు కరిగింది మొదలు జనవరిలో మళ్ళీ గడ్డకట్టేదాకా సుపీరియర్ సరస్సు మీద ఇనప ఖనిజం మోసే ఓడలో ఉంటాడు. నవంబరు ఒకటితో గడువు ముగుస్తుంది, ఈలోపు ఆయన రాడు, ఫోన్లో చదివేశానని చెప్పి గట్టెక్కవచ్చు అని ఐలా లెక్కలు వేసుకుంది. ఓడ రేవులోకి వస్తున్నట్టు కూత వినపడింది అప్పుడే.

ఓడ దిగాక ఐలా తండ్రి డేల్ నిస్కానెన్ కళ్ళు వెతికేది పెరట్లో ఆవిరి స్నానానికి కట్టుకున్న సౌనా గది పొగగొట్టాన్ని. దాన్లోంచి పొగ లేస్తూంటే ఇల్లు క్షేమంగా ఉన్నట్టే లెక్క. ఓడ నింపేసరికి చీకటి పడుతుందని ఓడలో పై అధికారి మేటు చెప్పీ చెప్పకముందే ఆయన రేవు గేటు దాటి వచ్చేశాడు. భార్య కొరిన్‌ని గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు. తల్లి హిల్మాని గాల్లోకి ఎత్తబోయి తిట్లు తిన్నాడు. కూతురి జుట్టు చెరిపేసి, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి నడిచాడు. ముసలావిడ పొద్దుటినుంచీ కట్టెలు మండిస్తూనే ఉంది, లోపల నీళ్ళు చల్లి ఆవిరి లేపే రాళ్ళు బాగా కాగి ఉన్నాయి.

"చదివేదేదో ఇప్పుడే వెళ్ళి చదివెయ్యవే," అంది హిల్మా, యాలకుల రొట్టెకి పిండి మర్దిస్తూ. "ఆవిరిలో కూచున్నవాడికి కోపం రాదు. వచ్చినా పైకి అనడానికి లేదు."

ఆ ఇంట్లో అది చట్టం. ఆవిరి గదిలో గొంతు పెంచకూడదు, పోట్లాట పెట్టుకోకూడదు. హిల్మా పుట్టింది అలాంటి గదిలోనే, తల్లి పోయినప్పుడు ఆవిడకి స్నానం చేయించిందీ అలాంటి గదిలోనే. అందుకని ఆ నాలుగు గోడలకీ ఆవిడ ఇచ్చే మర్యాదే వేరు.

"కోపం వస్తుందని ఎందుకనుకుంటున్నావు నానమ్మా? నేనేం రాశానో నీకు తెలీదుగా."

"తెలీదనుకో. నీ మొహం చూస్తే తెలుస్తోంది. దొంగతనంగా పాలు తాగిన పిల్లి ఎలా ఉంటుందో నేనెరగనా?"

సౌనా గదికి ముందు బట్టలు మార్చుకునే చిన్న వసారా ఉంది. ఐలా అక్కడ బల్ల మీద కూచుంది. లోపలి తలుపు ఒక బెత్తెడు తెరిచి ఉంది. ఆ సందులోంచి వేడీ, తండ్రి ఈలపాటా కలిసి వస్తున్నాయి. తండ్రి మొహం కనపడదు. ఆమాత్రం అదృష్టానికే ఆ పిల్ల దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

"మొదలెట్టు తల్లీ," అన్నాడు డేల్ లోపల్నించి. "నామీద వ్యాసమా! నామీద ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు తప్ప ఏమీ రాయలేదు."

అసలు ఈ తంటా అంతా స్కూల్లో కాలేజీ సలహాలు చెప్పే బ్లూమ్ గారి దగ్గర మొదలైంది. కాలేజీవాళ్ళు మార్కులతో ఊరుకోరు, నీ గురించి నువ్వు ఆరు వందల యాభై మాటల్లో రాయమంటారు. "నీకు జీవితంలో ఎదురైన కష్టమేమిటి?" అని ఆయన ఐలాని అడిగాడు. "ఏమీ రాలేదండీ," అంది ఐలా. "బాగా ఆలోచించు," అన్నాడాయన, ఏ పన్ను నొప్పి అని అడిగే డాక్టరులా. ఆ నెల ఆ క్లాసులో కష్టాలకి మంచి గిరాకీ. కాలు విరిగిన కుర్రాడి దర్జా చూడాలి. ఇల్లు కాలిన పిల్ల దగ్గరికైతే మిగిలినవాళ్ళు సలహాలకి వెళ్ళేవాళ్ళు. ఐలాకి ఏడుపు వచ్చింది, తనకి ఏడుపు రావడానికి కారణమేదీ లేనందుకు. ఇంట్లో అడిగితే నానమ్మ తన తుంటి నొప్పి ఇచ్చేస్తానంది. అమ్మ, నేలమాళిగలోకి నీళ్ళొచ్చిన ఏడాది గురించి రాసుకోమంది. అట్లాంటిక్ తీరాన ఉన్న ఆ చిన్న కాలేజీలో సముద్రశాస్త్రం చదవాలని ఐలాకి పదేళ్ళప్పటినుంచీ కోరిక. ఆ కోరిక నేలమాళిగలో నీళ్ళతో తీరేటట్టు కనపడలేదు. అప్పుడు తట్టాడు నాన్న.

ఐలా గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

"'మా వంటింటి బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. వాటిలో ఒకటి ఏడాదిలో పది నెలలు ఖాళీగా ఉంటుంది. చిన్నప్పుడు నేను ప్రతి రాత్రీ ఆ కుర్చీ ముందు కంచం పెట్టేదాన్ని...'"

ఈలపాట ఆగిపోయింది.

"'అమ్మ మాట్లాడకుండా తినేది. నానమ్మ కళ్ళు తుడుచుకునేది. కిటికీ అవతల సరస్సు మీద ఒక దీపం కదిలితే అది మా నాన్నేనేమో అని లేచి చూసేదాన్ని. మిగతా పిల్లలకి తండ్రులు సైకిలు తొక్కడం నేర్పారు, ఈత నేర్పారు. మా నాన్న నాకు నేర్పింది ఒక్కటే. ఎదురుచూడటం.'"

ఈ చివరి వాక్యం రాసిన రోజున ఐలా తన భుజం తనే తట్టుకుంది. బ్లూమ్ గారు దాని కింద గీత గీసి "అద్భుతం" అన్నాడు. ఇప్పుడు అదే వాక్యం ఆ చెక్కగదిలో, కట్టెల వాసనలో, పది అడుగుల దూరంలో కూచున్న మనిషికి వినిపిస్తూంటే కాగితం మీంచి తలెత్తలేకపోయింది. లోపల రాళ్ళమీద నీళ్ళు పడి బుస్సుమన్నాయి. ఆయన నీళ్ళు పోశాడా, నిట్టూర్చాడా అన్నది తెలియలేదు. మిగిలింది గబగబా చదివేసింది. ఎదురుచూడటం వల్ల తనకి ఓర్పు వచ్చిందనీ, నీళ్ళంటే పగ పోయి ప్రేమ పుట్టిందనీ, అందుకే సముద్రం గురించి చదవాలనుకుంటున్నాననీ ఉంది అందులో. చివర్న ఓడలూ, దీపస్తంభమూ కూడా వచ్చాయి. దీపస్తంభం లేకపోతే బావుండదని పెట్టింది.

కాగితం ఒళ్ళో పెట్టుకుని తలుపు సందుకేసి చెవి ఒగ్గింది.

"నాన్నా?"

"బయటికి నడు ఐలా. నేను గట్టిగా మాట్లాడాలి. ఇక్కడ కుదరదు."

ఐలా కాగితం పట్టుకుని లేచింది. పెరట్లోకి వచ్చి మెట్ల పక్కన నిలబడింది. సరస్సు మీదనించి చలిగాలి కొడుతోంది. డేల్ పాత ఉన్ని అంగరఖా చుట్టుకుని, ఒళ్ళంతా ఆవిరి లేస్తూ వచ్చి మెట్టు మీద కూచున్నాడు. మొహం ఉడికిన పీతలా ఎర్రగా ఉంది. గట్టిగా మాట్లాడతానన్న మనిషి నోట్లోంచి వచ్చిన గొంతు పక్కింటి పిల్లిక్కూడా వినపడదు.

"కంచం పెట్టేదానివా?"

ఐలా కాగితం వెనక్కి దాచుకుంది.

"నాకు ఎవ్వరూ చెప్పలేదే. మీ అమ్మ ఫోన్ చేస్తే ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. అందరం బావున్నాం, నువ్వు జాగ్రత్త అంటుంది." నేలకేసి చూస్తూ తువ్వాలు మెలిపెట్టాడు. "దిగిపోతాను తల్లీ. ఇవాళే మేటుతో చెప్పేస్తాను. రేవు దగ్గర ఓడలకి దారివ్వడానికి వంతెన ఎత్తే గదిలో పని ఖాళీగా ఉందిట. మీట నొక్కితే వంతెన లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. రోజూ రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. నువ్వు కాలేజీకి వెళ్ళేలోపు ఈ ఒక్క ఏడాదైనా ఆ కుర్చీలో కూచుంటాను."

ఐలాకి ఆ ఓడ గుర్తొచ్చింది. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి వేసవిలో తండ్రితో పాటు ఓడ మీద వెళ్ళింది. ఆయన ఆ ఓడకి చుక్కాని పట్టే సరంగు. ఊరంత పొడుగున్న ఓడని ఒంటి చేత్తో కాలవలోకి తిప్పుతూ, మధ్యమధ్య కూతురికేసి చూసి కన్ను కొడుతూ, ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో ఆ పిల్ల కళ్ళారా చూసింది. అలాంటివాణ్ణి అద్దాల గదిలో కూచోబెట్టి, తన కిందనించి పరాయివాళ్ళ ఓడలు వెళ్తూంటే మీట నొక్కమంటే బతుకుతాడా? అదీ తను సరదాకి వ్యాసంలో పెట్టిన ఒక కంచం కోసం.

నిజం చెప్పాలి. కానీ ఆ నిజం అబద్ధంకన్నా తీపిదేం కాదు. నువ్వు లేవని మేం ఏడవలేదు నాన్నా అని ఏ కూతురు చెబుతుంది, ఏ తండ్రి మొహం మీద?

"నాన్నా, నేను కంచం పెట్టలేదు."

"ఏమిటీ?"

"పెట్టలేదు. ఒక్కరోజు కూడా పెట్టలేదు. అసలు మనం... మేం ఆ బల్ల దగ్గర తినను కూడా తినం. నువ్వు వెళ్ళగానే బల్ల నిండా బొమ్మ ముక్కలు పరుస్తాం. కలిపి పేర్చే వెయ్యి ముక్కల బొమ్మ. నీ కుర్చీ మీద ఉతికిన బట్టలు పడేస్తాం. రాత్రిళ్ళు ముగ్గురం అమ్మ మంచం మీద చేరి, ఒళ్ళో కంచాలు పెట్టుకుని హత్య సీరియళ్ళు చూస్తాం. హంతకుడెవరో నానమ్మ ముందే చెప్పేస్తుంది. అమ్మ దిండు పెట్టి కొడుతుంది." ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. "రాత్రి భోజనానికి అట్లూ జామూ. వారానికి నాలుగు రోజులు అట్లే."

"మాంసం?"

"నువ్వొచ్చాకే."

డేల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"సైకిలు అమ్మే నేర్పింది, ఈత కూడా. నేను దీపం చూసి లేచింది ఎప్పుడూ లేదు, తొమ్మిదింటికే నిద్రపోయేదాన్ని. జనవరిలో నువ్వొస్తున్నావంటే బోలెడు సంతోషం నాన్నా, నిజంగా. కానీ మార్చిలో నువ్వు వెళ్ళేటప్పుడు..." మాట తప్పించింది. "బ్లూమ్ గారు కష్టం కావాలన్నారు. నాకు లేదు. నీది వాడుకున్నాను. నాకు దిగుల్లేదు నాన్నా. మేం బావున్నాం. నువ్వు లేకపోయినా బావున్నాం."

చెప్పేసింది. చెప్పాక తండ్రి కళ్ళలోకి చూసే ధైర్యం లేక కట్టెల మోపుకేసి చూసింది. ఈ వ్యాసం పోతే పోయింది, కాలేజీ పోతే పోయింది, నాన్న ఆ మెట్టు మీద అలా కూచుండిపోకుండా ఉంటే చాలనిపించింది.

ముందు చిన్న చప్పుడు వచ్చింది. ఐలా ఉలిక్కిపడి తిరిగింది. డేల్ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుంది. నవ్వుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతూ, అంగరఖా కొసతో తుడుచుకుంటూ, ఆగలేక నవ్వుతున్నాడు.

"అట్లూ జామూనా! పద్ధెనిమిదేళ్ళుగా నా గుండెమీద బండ పెట్టుకు తిరుగుతున్నానే! మీరు ముగ్గురూ ఇక్కడ దీనంగా కూచుని సూపు తాగుతూ ఉంటారని!" ఐలాని దగ్గరికి లాక్కుని పక్కన కూచోబెట్టుకున్నాడు. "చూడు, నువ్వొక నిజం చెప్పావు కనక నేనొకటి చెప్తాను. మార్చిలో మోకులు విప్పుతారు చూడు, ఓడ ఒడ్డునించి కదులుతుంది, మీరు చెయ్యి ఊపుతూ ఉంటారు. అప్పుడు నాకు ప్రాణం లేచొస్తుంది. ఇంట్లోవాళ్ళని వదిలిపోతూ ఈ సంతోషమేమిట్రా, నువ్వేం తండ్రివిరా అని నన్ను నేనే తిట్టుకుంటాను. రేవు దాటేదాకా తిట్టుకుంటాను. దాటాక ఈల వేస్తాను."

"నిజంగానా?"

"ఒట్టు. మిమ్మల్ని తల్చుకుంటాను. బెంగ మాత్రం లేదు. ఉందని చెప్పుకున్నాను, ఉండాలి కదా అని."

తండ్రీ కూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మళ్ళీ నవ్వు అందుకున్నారు. ఐలాకి ఒంట్లోంచి జ్వరం దిగిపోయినట్టుంది. ఏ ఇంట్లోనైనా ఇంత తేలికగా ఇంత పెద్ద బరువు దిగడం అరుదు. రేవు వైపు చూస్తే గుట్టలమీద ఎర్రటి ధూళి లేస్తోంది, రైలు పెట్టెల్లోంచి ఖనిజం ఓడలోకి జారుతున్న చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది. ఆ చప్పుడు ఐలాకి పుట్టినప్పటినుంచీ జోలపాటే.

"మరి వ్యాసం?" అన్నాడు డేల్.

"చింపేస్తాను. ఇంకోటి రాస్తాను. అట్ల గురించీ, మంచం మీద సీరియళ్ళ గురించీ. మా ఇంట్లో అందరం సుఖంగా ఉన్నామనీ, నాన్న నీళ్ళమీద సుఖంగా ఉంటే చూసి నాకూ నీళ్ళంటే ఇష్టం పుట్టిందనీ రాస్తాను. అది నిజమే కదా. బ్లూమ్ గారు ఒప్పుకోకపోతే మానె."

"ఆర్డ్‌వే టీచరు ఒప్పుకుంటుంది. ఆవిడ నాకూ పాఠం చెప్పింది. అబద్ధమాడితే ముక్కు చూసి కనిపెట్టేది." డేల్ లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇక వంతెనా లేదు గింతెనా లేదు. ఇంకోసారి ఆవిరి పట్టి, మీ నానమ్మ రొట్టె తిని, హాయిగా ఓడెక్కుతాను. ఎవరికీ నష్టం లేదు."

"ఎవరికీ లేదా?"

ఇద్దరూ తిరిగి చూశారు. కట్టెల మోపు అవతల కొరిన్ నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులున్నాయి. వాటిమీద ఆవిరి లేదు. అంటే వచ్చి చాలాసేపయింది.

కొరిన్ స్కూలు బస్సు నడుపుతుంది. అరవై మంది అల్లరి పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపుతో కూచోబెట్టే మనిషి. ఇంట్లో ఆవిడ గొంతు ఎప్పుడూ నవ్వుతోనే మొదలవుతుంది. ఇప్పుడు కూడా పెదాలమీద నవ్వు ఉంది. దగ్గరికొచ్చి కప్పులు మెట్టు మీద పెట్టింది.

"అమ్మా, నువ్వు విన్నావా?"

"అంతా విన్నాను. నువ్వు లోపల చదివినప్పటినుంచీ." మొగుడి వైపు తిరిగింది. "అయితే మీ ఇద్దరికీ బెంగ లేదన్నమాట. ఇది తొమ్మిదింటికి నిద్రపోయేది. నువ్వు రేవు దాటాక ఈల వేసేవాడివి."

"కొరిన్, నా ఉద్దేశం..."

"తప్పనలేదుగా. సంతోషంగా ఉన్నారు, నాకూ సంతోషమే. దాన్ని సంతోషంగా పెంచాలనే పెంచాను. అది నిద్రపోయాక కిటికీ దగ్గర ఎవరు కూచునేవాళ్ళో దానికి తెలియనివ్వలేదు, అంతే." ఒక్కక్షణం సరస్సుకేసి చూసింది. "నిరుడు జూలైలో నీకు నెల్లాళ్ళు సెలవిచ్చారు. ఎవరో కుర్రాడికి పెళ్ళని వాడికి బదులు నువ్వు ఉండిపోయావు. అంతకుముందు ఏడాది ఇంకొకడికి. నాకు తెలీదనుకున్నావు. మేటు పెళ్ళాం నాతోపాటే బస్సు నడుపుతుంది డేల్."

డేల్ మళ్ళీ మెట్టు మీద కూచుండిపోయాడు. ఇందాకటి ఎరుపు మొహంలోంచి దిగిపోయింది.

"నిన్ను పెళ్ళి చేసుకుని ఇరవై ఏళ్ళయింది," అంది కొరిన్ మెల్లగా. "మంచు లేని నేలమీద నీతో కలిసి పట్టుమని పది రోజులు నడిచింది లేదు. వేసవిలో నీ చేతులు ఏ రంగులో ఉంటాయో నాకు తెలీదు. నేను పేచీ పెట్టలేదు, పెట్టకపోవడమే గొప్పనుకున్నాను. ఇందాక నువ్వు దీనికోసం ఓడ దిగిపోతానన్నావు చూడు, అక్కడ మోపు వెనకాల నిలబడి నేను సంతోషంతో చచ్చిపోయాను. మరుక్షణం ఇద్దరూ నవ్వుకుని అది కొట్టేశారు. వంతెనా లేదు గింతెనా లేదు అన్నావు. దీనికోసం దిగుతానన్నవాడివి, నాకోసం దిగుతావా? నేను అడుగుతున్నాను. ఇంతవరకూ అడగలేదు, ఇవాళ అడుగుతున్నాను."

ఆవిడ గొంతు ఏమాత్రం పెరగలేదు. బయట అరవడానికి చోటున్నా అక్కడ ఎవరూ అరవలేదు. ఐలా చేతిలో కాగితం రెపరెపలాడుతోంది. దాన్ని మడిచి జేబులో దోపుకోబోతే కొరిన్ కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"చింపకు. బాగా రాశావు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నీ పేరు తీసేసి నా పేరు పెట్టు, సరిపోతుంది."

డేల్ అంగరఖా జేబులో ఫోన్ మోగింది. రేవు వైపు ధూళి ఆగిపోయింది, రైలు పెట్టెల చప్పుడూ ఆగిపోయింది. ఓడ అనుకున్నదానికన్నా ముందే నిండింది. ఆయన ఫోన్ తీసి, పేరు చూసి, భార్య మొహం చూశాడు. కొరిన్ కళ్ళు దించలేదు.

"మేట్, నేను డేల్‌ని," అన్నాడు.

ఆ తరవాతి మాట కోసం ముగ్గురూ ఎదురుచూశారు, డేల్‌తో సహా.